మునేటి గట్టున అలికిన పొయ్యి

కనకవల్లికి ఎదురుగా దుమ్ము కనపడితే మాట మీద ధ్యాస ఉండదు. పెళ్లయి గడ్డపాలెం వచ్చిన మర్నాడే అత్తగారి వంటింట్లో కుండలన్నీ బయట పెట్టి, మూలమూలా కడిగి, మళ్లీ తనకు తోచిన చోట సర్దిందనీ, ఉప్పు జాడీ ఎక్కడుందో తెలియక ఆ పూట మామగారు చప్పిడి పప్పు తిన్నారనీ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మొదటిది ఆవిడ ఒప్పుకుంటుంది. రెండోది మాత్రం ఆడపడుచుల కల్పన అంటుంది.

తర్వాత చాలా ఏళ్లు ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండింది. కట్టెల మీద వండినన్నాళ్లూ సాయంత్రం పొయ్యిలో బూడిద ఎత్తి, పేడా ఎర్రమట్టీ కలిపి అలికి, పిండితో రెండు గీతలు వేస్తేగాని ఇంటికి కదిలేది కాదు. గ్యాస్ వచ్చాక కూడా స్టవ్ తుడిచి, దాని కింద గచ్చు మీద ముగ్గు పెట్టేది. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి "ఇంత శుభ్రంగా వండే చోటు నేనెక్కడా చూడలేదమ్మా" అన్నాడు. ఆ అధికారి బదిలీ అయిపోయాడు గానీ ఆ మాట మాత్రం కనకవల్లి ఇంట్లోనే ఉండిపోయింది.

భర్త కృష్ణయ్య జగ్గయ్యపేట అవతల సున్నపురాయి క్వారీలో వాచ్‌మన్‌గా చేసి మానేసిన మనిషి. డ్యూటీ దిగి ఇంటికొస్తే ఒళ్లంతా తెల్లటి పొడి. గుమ్మంలోనే నిలబెట్టి బకెట్టు నీళ్లు కుమ్మరించాకే కనకవల్లి లోపలికి రానిచ్చేది. "ఉద్యోగం మానేసి ఏం సాధించావు కృష్ణయ్యా?" అని ఎవరైనా అడిగితే "గుమ్మంలో స్నానం తప్పింది" అనేవాడు.

అలాంటి కనకవల్లి, వయసు మీద పడిందని బడిలో పని మానేశాక, మట్టిలో కూర్చుని మట్టిని తవ్వే పనికి వెళ్తుందని ఎవరూ అనుకోలేదు. ఆవిడా అనుకోలేదు.

కిందటేడు వానాకాలంలో ఖమ్మం వైపు కురిసిన వానలకు మునేరు విరుచుకుపడింది. నీళ్లు ఊళ్లోకి రాలేదు గానీ ఊరి బయట గట్టును కత్తితో కోసినట్టు నిలువునా కోసుకుపోయాయి. నాలుగు పత్తి చేల అంచులు ఏట్లో కలిశాయి. నీళ్లు తీశాక తన ట్రాక్టరు దారి ఏమైందో చూసుకోవడానికి వెళ్లిన నబీకి, తెగిన గట్టు గోడలో నిలువెత్తు లోతున నల్లటి చార ఒకటి కనిపించింది. అందులోంచి ఎముకలూ, కుండపెంకులూ బయటికి తొంగిచూస్తున్నాయి. కింద రాలిపడిన మట్టిలో అరచేతికి సరిపోయే నున్నటి రాతి గొడ్డలి దొరికింది. నబీ ఊరందరికీ పత్తి లోడ్లు కంచికచర్ల తోలే మనిషి. ఎవరికేం కావాలో ఎక్కడ అడగాలో తెలుసు. గొడ్డలిని తువ్వాల్లో చుట్టుకుని నేరుగా నందిగామ కాలేజీలో చరిత్ర చెప్పే రాగసుధ దగ్గరికి పోయాడు.

"మేడం, మా ఏరు దీన్ని కక్కింది. మింగాల్సింది ఇంకా ఉంది. మీరు తొందరగా రావాలి" అన్నాడు.

రాగసుధ ఆ సాయంత్రమే వచ్చింది. పురావస్తు శాఖ అనుమతి తెచ్చుకోవడానికి మాత్రం సంక్రాంతి దాటిపోయింది. అప్పుడు బడి వరండాలో ఊరివాళ్లను కూర్చోబెట్టి సంగతి చెప్పింది. ఇనుము తెలియని కాలంలో, రాతి గొడ్డళ్లతో చెట్లు కొట్టుకుని, పశువుల్ని కాసుకుని, కొర్రలూ ఉలవలూ పండించుకున్న ఇల్లొకటి ఆ గట్టులో ఉంది. గట్టు రోజూ విరుగుతోంది. వచ్చే వానాకాలానికి ఆ ఇల్లు ఉండదు. ఆలోగా దాన్ని తవ్వి, చూసి, కొలిచి, బొమ్మ గీసి, తీయగలిగింది తీసి దాచాలి.

"కూలీల్ని పెట్టి తవ్వించొచ్చు. కానీ ఇది మీ ఊరి ఇల్లండీ. మీ చేతులతో తవ్వితేనే బాగుంటుంది. నేర్పడం నా పని" అంది.

కనకవల్లి మొదటిరోజు వెళ్లింది టీ ఇవ్వడానికి. గట్టు మీద తాళ్లు కట్టి గళ్లుగా విడదీసిన నేలలో నబీతో సహా పదిమందీ తాపీలు పట్టుకుని గీకుతున్నారు. గీకిన మట్టి ఎక్కడికక్కడే పడి ఉంది. ఆవిడ టీ ఫ్లాస్కు పక్కన పెట్టి, పక్క చేలోంచి పత్తికంపలు విరిచి చీపురు కట్టుకుంది. సాయంత్రానికి ఆ గుంట ఆవిడ వాకిలికంటే శుభ్రంగా ఉంది. ఫోటో తీసే ముందు నేలంతా ఇలాగే ఊడ్చి పెట్టాలనీ, తన విద్యార్థులకు అది ఎంత చెప్పినా పట్టుబడలేదనీ రాగసుధ అంది. మర్నాటి నుంచి కనకవల్లికి కూడా ఒక తాపీ, ఒక కుంచె, ఏటి అంచున ఒక గడి దక్కాయి.

అంతవరకూ బాగానే ఉంది. రెండోవారంలో, రోజంతా ఏరిన పెంకుల్ని "కాస్త చూస్తుండండి" అని రాగసుధ ఆవిడకి అప్పగించి వెళ్లింది. కనకవల్లి వాటిని చూస్తూ ఊరుకోలేకపోయింది. పీచూ సబ్బూ పెట్టి తోమి, చిన్నవి ఒకవైపు పెద్దవి ఒకవైపు పళ్లెంలో ఆరబెట్టింది.

"కనకవల్లిగారూ, వీటి లోపల అంటుకున్న మసి ఉండాలండీ. ఏదీ?"

"అదే కదమ్మా ఒక పట్టాన వదల్లా. రెండుసార్లు తోమా."

రాగసుధ మట్టిగుట్ట మీద కూలబడి కాసేపు తల పట్టుకుంది. తర్వాత నవ్వొచ్చి నవ్వేసింది. ఆ మసిని పరీక్షిస్తే ఆ కుండలో ఏం వండారో తెలిసేదని చెప్పింది. కనకవల్లి మొహం చిన్నబోయింది. ఇరవై ముప్పై ఏళ్లు అంటుగిన్నెలు తోమిన మనిషికి, అంటిన మసే విలువైనదని ఎవరో చెప్పడం అదే మొదలు.

నబీకి మాత్రం పండగైంది. "పిన్నీ, ఏరు కూడా మురికిగానే ఉంది. పీచు తీసుకు దిగుతారా?"

"ముందు నీ లుంగీ ఇలా పడెయ్యరా, దాంతో మొదలుపెడతా."

అప్పట్నుంచి ఆవిడ చేతులు అదుపులో పెట్టుకుంది. ఏదీ తీయకూడదు, ఏదీ పారెయ్యకూడదు, ఏదీ కడగకూడదు అని మనసులో అనుకుంటూ తాపీ కదిపేది. ఎండ ముదిరి, గట్టు మీద పొద్దున్న పూటే పని చేయగలిగే రోజులొచ్చాయి. అలాంటి ఒక పొద్దున ఆవిడ గడిలో మట్టి రంగు మారింది. తాపీ పక్కన పెట్టి చేత్తో తడిమింది. మూడు వైపులా కాలిన ఎర్రటి మట్టి కట్ట, ముందు వైపు కట్టెలు దోపే నోరు, మధ్యలో మెత్తటి బూడిద. అరవాల్సిన మనిషి అరవలేదు. అలాగే చెయ్యి పెట్టి కూర్చుంది.

"ఏంటి పిన్నీ, తేలు కుట్టిందా?" నబీ అడిగాడు.

"ఎవరిదో వంటిల్లురా" అంది మెల్లగా.

ఆ పొయ్యి నోరు తూర్పుకి ఉంది. ఏటి వైపు వీచే గాలికి పొగ ఊరి వైపు రాకుండా అటే పోతుంది. దాని పక్కన ఒక నూరుడు రాయి. ఇక్కడ కూర్చుని, ఎడం చేత్తో కట్టె ఎగదోసి, కుడిచేత్తో కలియబెట్టి ఉంటుంది. ఎవరో గాని, వండటం తెలిసిన మనిషి. కనకవల్లి ఆ రోజు నుంచి ఆమెను "ఆవిడ" అనడం మొదలుపెట్టింది. ఆవిడ కట్టెలు ఎండినవే వాడింది. ఆవిడ రాయి ఒకపక్కకే అరిగింది. నబీ రాగానే అడిగేవాడు: "మీ ఆవిడ ఇవాళ ఏం వండిందండీ?"

ఒక్క ప్రశ్న మాత్రం కనకవల్లిని వదల్లేదు. "ఎప్పటి మనిషమ్మా?" అని రాగసుధను అడిగింది.

"నాలుగు వేల ఏళ్ల కిందటిది కావచ్చు. మూడు వేలు కూడా కావచ్చండీ. కుండల్ని బట్టి అంతకంటే చెప్పలేను. ఆ బూడిదలో బొగ్గుని పరీక్ష చేస్తే తేలుతుంది. దాన్ని ముట్టుకోకుండా ఉంచుదాం."

ముట్టుకోలేదు. టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. కోళ్లను తోలడానికి ఒక కర్ర కూడా పక్కన పెట్టుకుంది. బొగ్గు పరీక్ష చేసే మనిషి రావడానికి నెల పట్టింది. హైదరాబాదు ల్యాబు నుంచి వెస్లీ అనే ఆయన వస్తాడనీ, ఒక్కరోజే ఉంటాడనీ, ఆయన వెళ్లాక పొయ్యిని దిమ్మెగా పైకి లేపుదామనీ రాగసుధ చెప్పింది. అప్పటికే నైరుతి దిక్కున మబ్బులు తిరుగుతున్నాయి. గట్టు అంచు పొయ్యికి బారెడు దూరంలోకి వచ్చేసింది.

ముందురోజు సాయంత్రం రాగసుధ కారెక్కుతూ అంది: "రేపు పొద్దున్నే ఫోటోలు, తర్వాత శాంపిలు. కనకవల్లిగారూ, పొయ్యి దగ్గర అంతా శుభ్రంగా ఉండేలా చూస్తారా?"

"మీరు చెప్పాలా అమ్మా!"

కారు పోయాక నబీ అసలు సంగతి చెప్పాడు. "పిన్నీ, ఆ వెస్లీ సారు జగ్గయ్యపేట అల్లుడంట. మార్కెట్ యార్డు దగ్గర మామగారిల్లు."

"అల్లుడా! ముందు చెప్పవేంట్రా?"

అల్లుడు వస్తున్నాడు. వచ్చేసరికి పొయ్యిలో చల్లారిన బూడిద, చుట్టూ చితికిన మట్టి. ఏ ఇంటి ఇల్లాలైనా అలా ఊరుకుంటుందా? ఆ పొయ్యి వెలిగించిన ఆవిడ లేదు కాబట్టి ఆ పని చూసుకోవాల్సింది తనే. కనకవల్లి మనసులో రెండు మాటలు ఒకదానిపక్కన ఒకటి ఉన్నాయి. ఒకటి, ముట్టుకోకూడదు. రెండు, శుభ్రంగా ఉండాలి. రెండోది చిన్నప్పట్నుంచీ ఉన్నది, పైగా రాగసుధ చివర చెప్పిన మాట. అదే గెలిచింది. ముట్టుకోకూడదన్నది సారు వచ్చేదాకానే కదా, సారు వస్తున్నాడు కదా అని సర్దిచెప్పుకుంది కూడా.

తెలతెలవారుతుండగా ఎదురింటి గేదెల పాక దగ్గర పేడ తెచ్చుకుంది. ఎర్రమట్టి నానబోసింది. గట్టు మీదికెళ్లి, టార్పాలిన్ తీసి, పొయ్యిలో బూడిదంతా చేటలోకి ఎత్తింది. చేటని గట్టున పెట్టి పొయ్యి కట్టా, లోపలి నేలా ఒక్క గీత తేడా లేకుండా అలికింది. పొయ్యి నోటి ముందు బియ్యప్పిండితో చిన్న ముగ్గు వేసింది. దూరంగా నిలబడి చూసుకుంటే కళ్లు చెమ్మగిల్లాయి. ఎన్నేళ్లకో ఆ ఇంటికి మళ్లీ ఆడదిక్కు దొరికినట్టనిపించింది. చేటలో బూడిద చాలా మెత్తగా ఉంది. పారెయ్యడానికి మనసొప్పక, పొయ్యి మీద టార్పాలిన్ మళ్లీ కప్పి, దాన్ని ఇంటికి తీసుకెళ్లి, పేనుబంక పట్టిన దొండపాదు మీద చల్లేసి, కళ్లాపి చెంబుతో గట్టు మీదికి తిరిగొచ్చింది.

రాగసుధా వెస్లీ వచ్చేసరికి ఎండ అప్పుడే పాకుతోంది. వెస్లీ నలభై దాటిన బక్కపల్చటి మనిషి, మెల్లగా మాట్లాడతాడు. రాగసుధ వంగి టార్పాలిన్ తొలగించింది.

"కనకవల్లిగారూ, ఇదేంటండీ?"

"అలికానమ్మా. ఇంకా ఆరలా. తొక్కకండి సార్."

వెస్లీ వేయబోయిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

"మరి ఇందులో బూడిద?"

"ఎత్తేసా."

"ఎత్తి ఎక్కడ పెట్టారు?"

"దొండపాదు మీద చల్లానమ్మా. పేనుబంక పట్టిందని."

ఆ మాట నోటివెంట వస్తుండగానే కనకవల్లికి అర్థమైంది. కళ్లాపి చెంబు చేతిలోంచి జారి గట్టు మీద దొర్లుకుంటూ పోయింది. నబీ దాన్ని పట్టుకొచ్చి ఇచ్చాడే గానీ ఏమీ అనలేదు. నబీ కూడా ఏమీ అనకపోయేసరికి ఆవిడకి ఇంకా భయం వేసింది.

"ఇప్పుడు పరీక్ష చేస్తే ఏం తెలుస్తుంది సార్?" అని అడిగింది.

"పేడ కలిసింది కదమ్మా. గేదె వయసు తెలుస్తుంది" అన్నాడు వెస్లీ. కోపంగా అనలేదు. ఉన్న మాట చెప్పాడు.

"అదీ వీళ్ల గేదె కాదు సార్, ఎదురింటోళ్లది" అన్నాడు నబీ. ఎవరూ నవ్వలేదు.

కనకవల్లి వెళ్లి గట్టుకు ఇవతల వేసిన రేకుల షెడ్డు నీడలో కూర్చుంది. తిట్టి ఉంటే తిట్టించుకునేది. రాగసుధ తిట్టలేదు. నెల రోజులు కోడి కూడా తొక్కకుండా కాపలా కాసి, తను తెలుసుకోవాలనుకున్న ఆ ఒక్క సంగతినీ తనే చేతులారా చేటలోకి ఎత్తింది. ఆవిడ ఎప్పటి మనిషో ఇక తేలదు. ఏరు వచ్చి పట్టుకుపోతుంది. అంతే.

టిఫిన్ బాక్సుతో కృష్ణయ్య వచ్చాడు. దారిలోనే సంగతంతా విన్నట్టున్నాడు. పక్కన కూర్చుని బాక్సు మూత తీశాడు.

"ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"అంటే బాగుండేది."

"పోనీ దొండపాదు వేళ్లతో పీకి తెచ్చి సారుకి ఇచ్చెయ్యనా?"

"నీకు ఎగతాళిగా ఉంది."

"ఎగతాళి కాదే వల్లీ. అన్నేళ్లు నన్ను గుమ్మంలో నిలబెట్టి కడిగావు. వారానికి ఒక్కరోజు నన్ను దుమ్ముతో లోపలికి రానిచ్చి ఉంటే నీకు అలవాటై ఉండేది. ఈ పొరపాటు జరిగేది కాదు."

కనకవల్లి ఏడుస్తూనే నవ్వింది. నవ్వినందుకు ఆయన మీద విసుక్కుంది. ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకుందే గాని నోట్లో పెట్టుకోలేదు.

అక్కడ వెస్లీ తిరిగి వెళ్లిపోవడానికి సిద్ధపడలేదు. వచ్చినందుకు ఏదైనా దొరుకుతుందేమో చూద్దామని పొయ్యి పక్కన బోర్లా పడుకున్నాడు. అలుకు తడి ఎంత లోపలికి దిగిందో తెలుసుకోవాలి. పొయ్యి కట్ట వెనకవైపు, ఎప్పుడో విరిగి ఉన్న చోట, సన్నటి కత్తితో జున్ను ముక్క కోసినట్టు నిలువుగా ఒక చెక్క కోసి తీశాడు. కుంచెతో ఊడ్చాడు. భూతద్దం తీశాడు. మళ్లీ ఊడ్చాడు.

"రాగసుధగారూ, ఒకసారి ఇటు వస్తారా?"

రాగసుధ చూసింది. నబీ చూశాడు. అంతే, షెడ్డు వైపు తిరిగి గట్టు అదిరేలా కేకేశాడు.

"పిన్నీ! ఓ పిన్నీ! మీ ఆవిడ కూడా అలికిందంట!"

కనకవల్లి చేతిలో ఇడ్లీ ముక్కతోనే పరుగెత్తింది. కోసిన చోట పొయ్యి కట్ట హైవే మీద గరికపాడు డాబాల్లో వేసే పొరల పరాటాలా ఉంది. మట్టి పూత, దాని కింద దారమంత సన్నటి నల్లటి గీత, మళ్లీ మట్టి పూత, మళ్లీ నల్లటి గీత. అలా కిందకంటా.

"ఈ పైన తడిగా ఉన్నది మీరు వేసిందమ్మా" అని వెస్లీ కత్తి మొనతో చూపించాడు. "దీని కిందవన్నీ వాళ్లు వేసినవి. వండటం, ఎత్తడం, మళ్లీ పూయడం. ఎన్నిసార్లు పూశారో చూడండి. మీ తడి మొదటి పూత దాటి దిగలేదు."

"ఈ నల్లగా ఉన్నదేంటి సార్?"

"బూడిద. ఎత్తగా మిగిలిపోయింది. దాని మీద మట్టి పూసేసరికి లోపలే ఉండిపోయింది. నిజం చెప్పాలంటే, పైన ఉన్నదాంట్లో చెట్టు వేరో ఎలుకో ఏదో ఒకటి చేరి ఉండొచ్చు. ఇది మూతపెట్టి దాచినట్టుంది. నాకు ఇదే మేలు." కత్తి పక్కన పెట్టాడు. "మీరు ఎత్తేసింది మాత్రం పోయినట్టేనమ్మా. ఈ ఇంట్లో ఆఖరిసారి పొయ్యి వెలిగింది ఎప్పుడో ఇక చెప్పలేం. వండుకుంటూ బతికిన రోజులు ఎప్పటివో చెప్పగలం."

కనకవల్లి తల ఊపింది. ఆ ఆఖరి రోజు దొండపాదు కింద ఉందని తనకి తెలుసు. దాన్ని మనసులో ఒకపక్కన పెట్టి, నల్లటి గీతల్ని మళ్లీ దగ్గరగా చూసింది.

"నేనైతే అలికే ముందు ఇంత బూడిద మిగల్చను సార్. ఆవిడ పని అంత నీటుగా లేదు."

"బతికించింది అదే కదా పిన్నీ!" అన్నాడు నబీ. "ఆవిడ మీలాంటిదై ఉంటే మేడంగారు ఇక్కడ ఉత్త మట్టి తవ్వుకునేవారు."

ఈసారి అందరూ నవ్వారు. అందరికంటే ముందు కనకవల్లే నవ్వింది.

వెస్లీ ఒక నల్లటి గీతలోంచి చిన్న పట్టకారుతో ఏదో తీసి తెల్ల కాగితం మీద పెట్టాడు. మిరియపు గింజకంటే చిన్నది, కాలి బొగ్గయింది, కాస్త వంకరగా ఉంది. ల్యాబులో చూసి చెప్పాలని ఆయన అంటుండగానే చుట్టూ నిలబడ్డవాళ్లంతా ఒక్కసారే "ఉలవ!" అన్నారు. ఉలవచారు తిని పెరిగిన ఊరది.

"పొంగి పడుంటుంది" అంది కనకవల్లి. "ఉలవలు పొయ్యి మీద పెట్టి ఇటు తిరిగామంటే అంతే. గంటలు గంటలు కూర్చోవాలి. ఆవిడకి పిల్లలున్నారేమో, పిలిస్తే వెళ్లుంటుంది."

"గింజ దొరకడం అదృష్టం" అన్నాడు వెస్లీ. "కట్టె బొగ్గయితే ఆ చెట్టు ఎన్నేళ్ల ముదురుదో తెలీదు. గింజ ఏ సంవత్సరం పంట ఆ సంవత్సరానిదే." కాగితం మడిచి, గాజు గొట్టంలో వేసి, దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మామగారింటి భోజనం మర్నాటికి వాయిదా వేసి పొద్దుగూకేదాకా ఆ పొయ్యి దగ్గరే ఉన్నాడు.

వారం తిరక్కుండా పొయ్యిని లేపారు. చుట్టూ తవ్వి దిమ్మెలా విడదీసి, విరిగిన కాలికి కట్టు కట్టినట్టు ప్లాస్టర్‌లో ముంచిన గుడ్డలు చుట్టి, అడుగున చెక్కలు దోపారు. నబీ ట్రాక్టరు ట్రక్కులో ముందు వరిగడ్డి, దాని మీద పరుపు, పరుపు మీద పొయ్యి. కనకవల్లి ట్రక్కులోకెక్కి దాన్ని పట్టుకుని కూర్చుంది.

"మెల్లగా పోనివ్వరా! పురిటాలిని తీసుకెళ్తున్నాననుకో."

"పురిటాలినైతే ఇంకా తొందరగా తోలాలి పిన్నీ!"

ఎక్కడ పెట్టాలన్నదానికి పెద్దగా చర్చ జరగలేదు. బడిలో ఒకప్పుడు కట్టెల మీద వండిన పాత వంటగది ఖాళీగా ఉంది. గోడల మీద పొగ మరకలు ఇంకా పోలేదు. అక్కడే పెట్టారు. పైన తను వేసిన అలుకును ఏం చేస్తారో అని కనకవల్లి బెంగపడింది. వెస్లీ మళ్లీ వచ్చి సగం వైపు దాన్ని జాగ్రత్తగా గీకి, మిగతా సగం అలాగే ఉంచాడు. పొరలు కనపడే వైపు గాజు పెట్టి, ప్రతి పొరకీ చిన్న చీటీ అతికించారు. అన్నిటికంటే పై చీటీ మీద "ఈ సంవత్సరం. కనకవల్లి, గడ్డపాలెం" అని ఉంది. కృష్ణయ్య దాన్ని రెండుసార్లు చదివాడు. "ఇన్నాళ్లకి నీకు తగ్గ జోడు దొరికింది. ఇద్దరూ కలిసి తోముకోండి" అన్నాడు.

శ్రావణంలో ఏరు వచ్చింది. కిందటేడంత కాదు గాని వచ్చింది. వాన వెలిసిన పూట కనకవల్లీ నబీ గట్టు మీదికి వెళ్లి దూరంగా నిలబడ్డారు. ఎర్రటి నీళ్లు గట్టు పాదాన్ని నాకుతున్నాయి. చూస్తుండగానే నేల మీద ఒక బీట విచ్చుకుంది. తాళ్లు కట్టిన మేకులూ, తాను తాపీతో గీకిన గడీ, పొయ్యి ఉన్న గుంటా అన్నీ ఒక్క పెళ్లగా విరిగి పెద్ద చప్పుడుతో నీళ్లలో పడ్డాయి. ఏరు కాసేపు నల్లబడి మళ్లీ ఎర్రగా పారింది.

"పోయింది పిన్నీ" అన్నాడు నబీ.

"పోనీలేరా. వంటిల్లు ముందే ఖాళీ చేసేశాం కదా" అంది కనకవల్లి.

ఆ నెలాఖర్లోనే రాగసుధ వచ్చింది. కారు దిగకముందే కిటికీలోంచి చెప్పేసింది. ఆ ఉలవ మూడు వేల ఎనిమిది వందల ఏళ్ల కిందటిది, అటూ ఇటూ ఓ వంద. కనకవల్లి వరండా స్తంభానికి ఆనుకుని, ఒక అత్త, ఆవిడ కోడలు, ఆ కోడలికి కోడలు అని వేళ్ల మీద లెక్కపెట్టబోయింది. చేతి వేళ్లు రెండుసార్లు తిరిగాక లెక్క తప్పింది. తప్పినందుకు బాధేమీ కలగలేదు. ఇంతమంది ఉన్నారా మధ్యలో అనుకుంటే ఇల్లంతా నిండుగా ఉన్నట్టనిపించింది.

"భోంచేసి వెళ్లండమ్మా. దొండకాయ వేపుడు చేశా. పాదు విరగకాసింది."

రాగసుధ పళ్లెంలో దొండకాయ ముక్కల్ని చూసి, కనకవల్లి మొహం చూసి, మారు మాట్లాడకుండా మారు వడ్డించుకుంది. "దీని మీద కూడా చీటీ అతికించాలి" అన్నాడు కృష్ణయ్య.

మర్నాడు వాన లేదు. కనకవల్లి పెరట్లో కట్టెల పొయ్యి వెలిగించి, పొద్దున్నుంచీ ఉలవలు ఉడికించింది. గ్యాస్ మీద ఉలవచారు ఆవిడకి ఆనదు. చారు చిక్కబడి దించేసరికి సాయంత్రమైంది. పొయ్యి చల్లారాక చేట తెచ్చి బూడిద ఎత్తడం మొదలుపెట్టింది. చుట్టూ కట్ట అంచు ఒకచోట పెచ్చు ఊడి ఉంది. అక్కడ చూసింది. పొరలు పొరలుగా ఉంది. కింద ఉన్నవి అత్తగారివి. ఆ పైవన్నీ తనవి. తన పొరల మధ్య నల్లటి గీత ఒక్కటీ లేదు.

అడుగున పిడికెడు బూడిద మిగిలి ఉండగా చేట పక్కన పెట్టేసింది. పొంగి పడి మాడిన ఉలవలు నాలుగు అందులో కనపడుతున్నాయి. వాటి మీదే ఎర్రమట్టి పోసి అలకసాగింది.

నులక మంచం మీద కూర్చున్న కృష్ణయ్య మెడ సాచి చూశాడు.

"ఏమే, బూడిద మిగిల్చేశావు. కళ్లు కనపడటం లేదా?"

"కనపడుతోంది" అంది కనకవల్లి.